పేగుపూత వ్యాధులు: మందుల సురక్షిత వాడకం

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి రెండింటినీ కలిపి పేగుపూత వ్యాధులంటారు. మొదటిది పెద్దపేగు లోపలి పొరకు పరిమితం. రెండోది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడలో లోతుకూ దిగవచ్చు. రెండూ కొన్నాళ్లు అణిగి ఉండి మళ్లీ తిరగబెట్టే జబ్బులే. రక్తం పడటం ఆగి, ఆకలి పుట్టి, ఒళ్లు కోలుకున్నాక ఇంకా రోజూ మాత్రలెందుకని అనిపించడం సహజం. అయితే లక్షణాలు పోయినా పేగులో వాపు మిగిలి ఉండవచ్చు. అల్సరేటివ్ కొలైటిస్‌కు వాడే మెసలమిన్‌ను సరిగ్గా వాడనివారికి జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని 2003లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. మాత్రలు తప్పకుండా వేసుకునేవారు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉంటారు కదా, ఆ తేడా మందుదేనని ఎలా చెప్పగలమని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ బ్రిటన్‌లో 1965లోనే ఇదే కోవకు చెందిన సల్ఫాసలజిన్‌ను ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూశారు. మందు అందినవారిలో ఏడాదిలో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది.

స్టెరాయిడ్ల సంగతి దీనికి తలకిందులు. ఇవి ఉధృతిని త్వరగా అణుస్తాయి, కానీ మళ్లీ రాకుండా కాపాడలేవు. ఆ త్వరిత ఉపశమనాన్ని నమ్మి పాత చీటీతో మందుల షాపులో మళ్లీ మళ్లీ కొనుక్కోవడం ప్రమాదకరం. ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. మూడు వారాలు దాటి వాడితే శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోను తగ్గిపోవచ్చు. అందుకే హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వంటివి రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో మోతాదు దించుకుంటూ రావాలి.

స్టెరాయిడ్ల అవసరం తగ్గించడానికి వాడే అజాథయోప్రిన్ విషయంలో రక్తపరీక్షలే రక్షణ. ఈ మందు ఎముక మజ్జను అణచివేసి తెల్లకణాలను ప్రమాదకర స్థాయికి తగ్గించవచ్చు, కాలేయాన్నీ దెబ్బతీయవచ్చు. యూరోపియన్లలో ఈ ముప్పును ముందే పసిగట్టడానికి టీపీఎంటీ అనే ఎంజైమును చూస్తారు. భారతీయులతో సహా ఆసియా వాసుల్లో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులోని మార్పుకే ఎక్కువ ప్రాధాన్యం. 2014లో కొరియా రోగులపై జరిగిన పరిశోధన దీన్ని బయటపెట్టింది. జన్యుపరీక్ష చేయించుకుంటే మాటిమాటికీ రక్తం ఇవ్వనక్కర్లేదని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు, ఎందుకంటే ఈ మార్పులు లేనివారిలోనూ కణాలు పడిపోతాయి. మొదట్లో వారం రెండు వారాలకోసారి, కుదుటపడ్డాక కొన్ని నెలలకోసారి పరీక్ష తప్పనిసరి. గౌటుకు వాడే అల్లోప్యూరినాల్ శరీరంలో ఈ మందు విరిగిపోకుండా అడ్డుపడుతుంది. డాక్టరుకు తెలియకుండా రెండూ కలిపి వాడితే ప్రాణం మీదికి రావచ్చు.

ఈ జబ్బులకే ఇంజక్షనుగా ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రేతో పాటు నిద్రాణంగా ఉన్న క్షయను పట్టే చర్మ లేదా రక్తపరీక్ష చేస్తారు. ఈ మందు వాడినవారిలో డెబ్బై క్షయ కేసులను 2001లో ఒక అమెరికన్ వైద్యపత్రిక నమోదు చేసింది. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో పరీక్ష నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు. సాయంత్రపు జ్వరం, తగ్గని దగ్గు కనిపిస్తే తర్వాతి ఇంజక్షనుకు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఏళ్ల తరబడి ఇలాంటి మందులు వాడితే క్యాన్సరు రాదా అనే భయం నిరాధారం కాదు. అజాథయోప్రిన్ లింఫోమా అనే క్యాన్సరు ముప్పును కొంత పెంచుతుంది. కానీ అదుపు తప్పిన వాపు కూడా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దపేగు క్యాన్సరుకు దారితీస్తుంది, శస్త్రచికిత్స దాకా తెస్తుంది. మందు తగ్గించే అవకాశం ఉందేమో కొలొనోస్కోపీ, మలంలో వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చూసి తేల్చుకోవచ్చు. గర్భం విషయంలో మందులను సొంతంగా మానేసే తొందర మరింత నష్టం చేస్తుంది. ఈ జబ్బుల్లో వాడే మరో మందు మెథోట్రెక్సేట్‌ను మాత్రం డాక్టరు సలహాతో గర్భానికి కొన్ని నెలల ముందే మానాలి. మెసలమిన్, అజాథయోప్రిన్‌లను సాధారణంగా కొనసాగిస్తారు, ఎందుకంటే అప్పుడు జబ్బు తిరగబెట్టడమే తల్లికీ బిడ్డకూ ఎక్కువ చేటు. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడండి; అంతవరకూ ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి.