బార్బడోస్‌లో పుట్టిన పంపరపనస బిడ్డ

నిమ్మజాతి పండ్లు దాదాపు అన్నీ ఆసియా నేలవే. గ్రేప్‌ఫ్రూట్ మాత్రం పుట్టింది వెస్టిండీస్‌లో, బార్బడోస్ దీవిలో. అలాగని అది మనకు మరీ పరాయిదేం కాదు. తూర్పు దేశాల నుంచి ఓడలెక్కి వెళ్లిన పంపరపనస, మన బత్తాయి కోవకే చెందిన తీపి నారింజ ఆ దీవిలో కలిశాయి. ఎవరూ పనిగట్టుకుని సంకరం చేయలేదు. ఒకదాని పుప్పొడి ఇంకోదాని పువ్వు మీద పడి కొత్త చెట్టు మొలిచింది. 1750లో బార్బడోస్ ప్రకృతి చరిత్ర రాసిన గ్రిఫిత్ హ్యూస్ అనే మతబోధకుడు ‘నిషిద్ధ ఫలం’ పేరుతో వర్ణించింది దీన్నేనంటారు. 1830లో జేమ్స్ మెక్‌ఫేడియన్ దీనికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు స్వతంత్ర జాతిగానే లెక్కవేశాడు. కన్నవాళ్లెవరో తేలడానికి ఇంకో వందేళ్లకు పైనే పట్టింది.

మొదట్లో దీని గుజ్జు తెల్లగా ఉండేది. ఎరుపు తర్వాత వచ్చింది, అదీ తనంతట తానే. 1913లో ఫ్లోరిడాలో తెల్లకాయలు కాసే చెట్టుకు ఒక్క కొమ్మన గులాబీ రంగు కాయలు కాశాయి. 1929లో టెక్సస్‌లో ఆ గులాబీ రకం చెట్టు మీదే ఎర్రకాయ కనబడింది. రూబీ రెడ్ అలా వచ్చింది. ఆ ఎరుపు లైకోపీన్‌ది. టమాటాకు రంగునిచ్చేదీ అదే. తెల్ల రకంలో అది దాదాపు ఉండదు కాబట్టి, కొనేటప్పుడు ఎర్రదాన్ని ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

అరపండు తింటే 50 కెలోరీలకు అటూ ఇటూ. పదింట తొమ్మిది వంతులు నీరే. నూరు గ్రాముల్లో విటమిన్ సి 30 మిల్లీగ్రాముల పైచిలుకు. భోజనంతో పాటు తింటే పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఒక్క విటమిన్ సి కోసమే అయితే మన జామకాయ చాలు, అందులో ఇంతకు ఎన్నో రెట్లుంటుంది. 1930ల్లో హాలీవుడ్ పేరుతో ప్రచారమైన గ్రేప్‌ఫ్రూట్ డైట్ దీనికి కొవ్వు కరిగించే శక్తిని అంటగట్టింది. అలాంటి శక్తి ఇందులో లేదు. తక్కువ తిండితో తగ్గిన బరువును పండు ఖాతాలో వేశారంతే.

చేదు నారింజిన్ అనే పదార్థానిది. అది పంపరపనస వైపు నుంచి వచ్చింది. ఫ్యూరనోకౌమరిన్లనే మరికొన్ని పదార్థాలు కూడా ఆ వైపువే. వీటి సంగతి అనుకోకుండా బయటపడింది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. మద్యం తాగనివాళ్ల రక్తంలోనూ మందు లెక్కకు మించి కనబడింది! 1991లో అచ్చయిన అధ్యయనంలో నీళ్లతో వేసుకున్నప్పటికన్నా రసంతో వేసుకున్నప్పుడు మందు మూడు రెట్ల దాకా ఒంటికి ఎక్కింది. మందులో కొంత భాగాన్ని పేగు గోడలోనే విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ ఫ్యూరనోకౌమరిన్లు పనిచేయనివ్వవు. పేగు కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకునే దాకా, అంటే ఒక రోజు పైనే, ఆ ప్రభావం ఉంటుంది. పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకుంటే సరిపోతుందనుకోకూడదు.

కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే సైక్లోస్పోరిన్ కూడా ఈ రసంతో ఒంటికి ఎక్కువగా ఎక్కే మందులే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు ఊరినుంచి మాత్రలు పెట్టెలో సర్దుకుని వెళతారు. అక్కడ పొద్దున టిఫిన్ బల్ల మీద ఈ పండు కనిపిస్తే, తినేముందు డాక్టరుకు ఒక్క ఫోన్ చేయాలి. ఇక్కడ ఉన్నవాళ్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మందపు తొక్క వలిచి, తొనల మీది పొర తీసి, ఉప్పూకారం అద్దుకుని తినే మన పంపరపనసలోనూ ఆ ఫ్యూరనోకౌమరిన్లే ఉన్నాయి. బత్తాయి, కమలా తినేవాళ్లకు ఈ భయం లేదు.