పద్యం నుండి పరోపకారానికి

పుస్తకం హస్తభూషణమని పెద్దలన్నారు. భూషణం ధరించినవారికే శోభనిస్తుంది. పుస్తకం వల్ల కలిగే మేలు చదివినవారితో ఆగిపోరాదు. చదివినది నడవడిలో నిలిచి, ఇరుగుపొరుగుకు ఉపకరించినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది. తెలుగువారు తరతరాలుగా కన్నడిగులతో కలిసి జీవిస్తున్న బళ్లారి సీమలో ఈ సత్యానికి సుమారు రెండు శతాబ్దాల చరిత్ర సాక్ష్యమిస్తున్నది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల వివరాలు సేకరింపుమని కలెక్టర్లను ఆజ్ఞాపించాడు. తెలుగు వ్యాకరణం రచించిన ఎ.డి. క్యాంబెల్ అప్పుడు బళ్లారి కలెక్టరు. 1823 ఆగస్టులో అతడు సమర్పించిన నివేదిక ప్రకారం, నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసియున్న నాటి బళ్లారి జిల్లాలో 533 పాఠశాలలు ఉండేవి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం, ఆంగ్లం నేర్పేవి. ఈ లెక్కనుబట్టి రెండు భాషల బడులు ఇంచుమించు సమసంఖ్యలో పక్కపక్కనే వర్ధిల్లినట్లు తెలుస్తున్నది. అయితే అన్ని బడులలోనూ కలిపి విద్యార్థులు 6,641 మందే. జనాభాలో వెయ్యికి ఏడుగురైనా లేరు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. వీటిలో ఒక్క బడికైనా ప్రభుత్వ సహాయం లేకపోవడం సిగ్గుపడవలసిన విషయమని కలెక్టరే వ్రాసుకొన్నాడు. ప్రజల పేదరికం పెరిగి, పూర్వం బడులున్న అనేక గ్రామాలలో అవి మూతబడ్డాయని కూడా అతడు దాచకుండా తెలిపాడు.

ఆ వీధిబడుల దినచర్య ఆసక్తికరమైనది. తెల్లవారుజామున అందరికంటే ముందు వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి నామం వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. అతనికి పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున అధికం. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. పెద్ద తరగతుల పిల్లలు చిన్న తరగతుల పిల్లలకు పాఠం చెప్పేవారు. తాను నేర్చినది తనకంటే చిన్నవానికి నేర్పడం ఆనాటి బడిలోని మేలైన పద్ధతి. క్యాంబెల్ కూడా దీనిని ప్రశంసించాడు.

ఒక లోపాన్ని మాత్రం అతడు గట్టిగా ఎత్తిచూపాడు. రామాయణ, భారత, భాగవత పద్యాలను పిల్లలు ధారాళంగా అప్పగించేవారు కాని వాటి అర్థం వారికి బోధపడేది కాదు. పద్యభాష వేరు, వాడుకభాష వేరు కావడం దీనికి కారణం. అర్థం తెలియని పద్యంలో ఎంతటి నీతి ఉన్నా అది నాలుకపైనే నిలిచిపోతుంది, హృదయానికి దిగదు. చిలుక పలుకులకూ, మనిషి చదువుకూ ఉన్న తేడాను ఆ నివేదిక ఆనాడే గుర్తించింది.

ఈ లోపాన్ని తీర్చగల సాహిత్యం తెలుగులో లేకపోలేదు. ప్రజల నోళ్లలో నానుతున్న వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ సేకరించి, ఆంగ్లానువాదంతో 1829లో ప్రచురించాడు. పామరునికి సైతం అర్థమయ్యే మాటలలో మనిషి మంచితనానికే పెద్దపీట వేసిన పద్యాలవి. 1853లో పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడింది. గ్రాంథిక భాష కష్టమైనా అందలి కథలు పిల్లల మనస్సులలో చెక్కుచెదరక నిలిచాయి. వలలో చిక్కిన పావురాలు ఒక్కుమ్మడిగా వలతోసహా ఎగిరిపోయే కథ ఎరుగని తెలుగు విద్యార్థి అరుదు. మిత్రుడైన ఎలుక తన బంధాలు కొరుకబోగా, ముందు తన వారి బంధాలు తెంపుమని కోరతాడు కపోతరాజు చిత్రగ్రీవుడు. నాయకుడైనవాడు చివర విముక్తుడు కావాలన్న ధర్మాన్ని ఇంతకంటే సులభంగా బోధించడం సాధ్యం కాదు.

బళ్లారి లెక్కలలో 60 మందికే పరిమితమైన బాలికల చదువుకోసం, తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను నెలకొల్పారు. 1910లో గురజాడ అప్పారావు తమ ‘దేశభక్తి’ గేయంలో దేశమంటే మనుషులేనని చాటి, స్వలాభాన్ని కొంత మానుకొని పొరుగువానికి తోడ్పడడమే దేశభక్తిగా నిర్వచించారు. నీతి అనేది ఇట్లు వ్యక్తి గుణంగానే గాక పౌరధర్మంగా రూపొందింది.

ఆ ధర్మం ఆచరణలో ప్రత్యక్షమైన చోటు గ్రంథాలయం. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. అటువంటి పరిస్థితిలో, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. ప్రభుత్వ ఆదరం లేనిచోట కూడా మాతృభాషను పాఠకులే నిలుపుకోగలరని ఆ సంస్థ నిరూపించింది. తెలుగు రాష్ట్రాలకు వెలుపల జీవించే తెలుగువారు ఈ చరిత్రను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలసింది. అక్కడే 1914 ఏప్రిల్ 10న, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై నడిచే పడవలలో గ్రంథాలయం ఏర్పరచారు. బాటసారుల తీరిక సమయం పుస్తక పఠనానికి వినియోగపడింది. పుస్తకాన్ని వెదకుకొంటూ పాఠకుడు రావలసిన అవసరం లేకుండా, పాఠకుని వద్దకే పుస్తకం ప్రయాణించింది.

ఈ ఉద్యమాన్ని కేవలం పుస్తకాల పంపిణీగా భావించడం పొరపాటు. పఠనమందిరంలో అడుగుపెట్టిన ప్రతివానికీ కొన్ని మర్యాదలు అలవడతాయి. పక్కవాని ఏకాగ్రతకు భంగం కలుగకుండా మెలగడం, పత్రికకోసం తన వంతు వచ్చేవరకు వేచియుండడం, తనకు కనుపించని మరొక పాఠకుడు ఉన్నాడన్న స్పృహతో పుస్తకాన్ని నలుగనీయక, గీతలు గీయక గడువులోగా తిరిగి ఇవ్వడం, చదువురాని వృద్ధునికి వార్తలు చదివి వినిపించడం. వీటిలో ఏదీ ఘనకార్యం కాదు. అయినా ఇటువంటి చిన్న మర్యాదలు నిత్యజీవితంలో భాగమైన ఊరే నాగరికమైన ఊరు.

ప్రభుత్వం కూడా కాలక్రమంలో తన బాధ్యతను గుర్తించింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1953 అక్టోబరు 1న అది మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం 1965లో రూపొందింది. ఒక్క సహాయమూ అందని 533 బడుల నాటినుండి, గ్రంథాలయానికై పౌరులు పన్ను చెల్లించే కాలం వరకు సాగిన ఈ ప్రస్థానం సామాన్యమైనది కాదు. చట్టం భవనాన్ని కట్టగలదు, పుస్తకాలను కొనగలదు. వాటిని చదివే చేతులను మాత్రం ఇల్లూ బడీ కలిసి తయారు చేయవలసిందే.

సరిహద్దు సీమలో పెరిగే తెలుగు విద్యార్థికి ఇందులో రెండు బాధ్యతలున్నాయి. మొదటిది, తన భాషలోని పుస్తకాన్ని చదవడం. అడిగేవారు లేని భాషకు గ్రంథాలయపు బీరువాలో చోటు క్రమంగా తగ్గిపోతుంది. తెలుగు పుస్తకం అక్కడ నిలవాలంటే దానిని తీసుకొనివెళ్లే పాఠకుడు ఉండాలి. రెండవది, పొరుగువాని భాషను గౌరవంతో నేర్వడం. 226 తెలుగు బడులకు సరసన 235 కన్నడ బడులు నడచిన నేల ఇది. ఒకే తల్లి బిడ్డలవంటి లిపులు గల ఈ రెండు భాషలలోనూ చదవగలవాడు, బస్సు నిలయంలో దారి తెలియని ప్రయాణికునికీ, ఆసుపత్రిలో చీటీ చదువుకోలేని రోగికీ రెండింతలు ఉపయోగపడతాడు.

ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న పాఠశాలకు తల్లిదండ్రులూ పూర్వవిద్యార్థులూ ఇవ్వదగిన కానుక కూడా ఈ చరిత్రలోనే కనిపిస్తున్నది. ఏటా ఒక మంచి పుస్తకం పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. వారానికొక గంట పిల్లల సరసన కూర్చుండి చదివి వినిపించి, పద్యమైనా కథయైనా దాని అర్థం విప్పి చెప్పవచ్చు. పెద్ద తరగతివారు చిన్న తరగతివారికి చెప్పిన ఆనాటి వీధిబడి ధర్మం ఈనాటికీ చెల్లుతుంది. అరచేతిలో సరస్వతీ నామం వ్రాయించుకొనే గౌరవం ఆనాడు ముందు వచ్చినవానికి దక్కింది. నేడు అది వెనుకబడినవానికి చేయి అందించినవానికి దక్కాలి.