30 బారల లోతున

జూన్ నెల, ఉదయం ఆరు. హోమర్ రేవులో తెల్లవారి గంట దాటింది. అయినా చలి ఉన్ని టోపీలోంచి చెవుల దాకా వస్తోంది. అలాస్కాలో కీనై ద్వీపకల్పం చివర, రోడ్డు ఇక ముందుకు పోని చోట మీరున్నారు. కాళ్ల కింద ఉన్నది కచెమాక్ అఖాతంలోకి ఏడు కిలోమీటర్లు పొడుచుకొచ్చిన ఇసుక, గులకరాళ్ల దిబ్బ. 1964 మార్చిలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ దిబ్బ నాలుగైదు అడుగులు కుంగింది. ఊరివాళ్లు దాన్ని వదులుకోలేదు. రేవు మళ్లీ కట్టుకున్నారు, హాలిబట్ చేపల వేటకు తమదే ప్రపంచ రాజధాని అని చాటుకున్నారు.

పడవల దగ్గరికి దిగే ఇనుప నడవ ఏటవాలుగా ఉంది, కమ్మీ పట్టుకొని దిగాలి. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇదే నడవ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని ఎవరూ కదపరు, నీరే లేస్తుంది. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం 20 అడుగులకు పైగా లేచి దిగుతుంది. ఈ పూట మీరు చేసే ప్రతి పనికీ ముహూర్తం పెట్టేది ఆ నీరే.

ఆరుగురికి మించి ఎక్కించుకోని పడవ. రెండు గంటల ప్రయాణం. ఎడమవైపు సెల్డోవియా కొండలు వెనక్కి జరుగుతాయి, కుడివైపు కుక్ ఇన్‌లెట్ అవతలి ఒడ్డున మంచు కప్పుకున్న అగ్నిపర్వతాలు నిలబడి ఉంటాయి. సముద్రపు నీటిపిల్లులు వెల్లకిలా తేలుతూ మిమ్మల్ని చూసి మళ్లీ తమ పనిలో పడతాయి. ఫొటోలు ఇప్పుడే తీసుకోండి. గాలం దిగాక చేతులు ఖాళీ ఉండవు.

ఇంజిన్ జోరు తగ్గింది. కెప్టెన్ అరవై దాటిన మనిషి. లోతు చూపే తెర మీద గీతలు చూస్తాడు, తల ఎత్తి ఒడ్డున రెండు కొండల మధ్య సందు చూస్తాడు, పడవను కొంచెం వెనక్కి నడిపిస్తాడు, మళ్లీ చూస్తాడు. అప్పుడు గానీ లంగరు వెయ్యడు. నీరు తీస్తూ తీస్తూ నెమ్మదిస్తున్న వేళ ఇది. ఎరల వాసనను ఆ పాటు నీరు అడుగునే దూరం మోసుకుపోతుంది, ఆ వాసనకు ఎదురీదుతూ చేపలు పడవ కిందికి వస్తాయి. లంగరు కాస్త పక్కన పడితే వాసన ఖాళీ బురద మీదుగా పోతుంది. గైడుకు అంత డబ్బు ఎందుకని ఒడ్డున అడిగేవాళ్లుంటారు. పడవా గాలాలూ అద్దెకు దొరుకుతాయి. కంటికి కనబడని నేలను ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్న మనిషి మాత్రం అద్దెకు దొరకడు. మీరు డబ్బిచ్చేది అతని జ్ఞాపకానికి, నా లెక్కలో ఆ డబ్బు తక్కువే.

కెప్టెన్‌కు సాయంగా ఉన్న అమ్మాయి కాలేజీ సెలవుల్లో ఈ పనికి వచ్చింది. పొట్టిగా, బలంగా ఉన్న గాలపు కర్ర మీ చేతికిస్తుంది. తాడు చివర రెండు పౌన్ల సీసం గుండు, దాని పక్కన మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలం, గాలానికి హెరింగ్ చేప, ఊడిరాకుండా ఆక్టోపస్ ముక్క ఒకటి. "బొటనవేలు చక్రం మీదే ఉంచండి. గుండును పడిపోనివ్వకండి, మీరే దింపండి" అంటుంది.

దింపుతారు. తాడు వేలికింద వేడెక్కుతూ జారుతోంది. మన బెస్తలు కొలిచే బారల్లో చెప్పాలంటే 30 బారల లోతు, 180 అడుగులు. చాలాసేపు జారుతుంది. ఉన్నట్టుండి బరువు పోతుంది. గుండు నేల తాకింది. కొంచెం ఎత్తి మళ్లీ తాకించండి. టక్కున తగిలితే గులకరాళ్లు, మెత్తగా ఆగితే బురద. మీరు ఎన్నడూ చూడని నేల మీ మణికట్టు దాకా వచ్చి ఆగింది. హాలిబట్ వేటలో నన్ను పట్టుకున్నది చేప కన్నా ముందు ఈ స్పర్శే.

కర్ర కొస కొట్టుకుంటుంది. ఒకటి, రెండు. మీ చేతులు గుంజడానికి లేస్తాయి.

"గుంజొద్దు, గుంజొద్దు! తిననివ్వండి."

ఈ ఒక్క మాట పాటించడం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది. గుండ్రటి గాలం గుంజితే నోట్లోంచి జారిపోతుంది. చేప తిని తిరిగి పోతుంటే దానంతటదే పెదవి మూలకు తిరిగి దిగబడుతుంది. కాబట్టి కర్ర వంగి, వంగినట్టే ఉండిపోయే దాకా ఆగాలి. ఆగ్నేయ అలాస్కాలో ట్లింగిట్ జనం చెక్కతో కొక్కెంలాంటి గాలాలు చేసి, వాటి మీద జంతువుల బొమ్మలు చెక్కి ఇదే చేపను పట్టేవారు. కొక్కెం సందు కొలత వల్ల మరీ చిన్నవీ, మరీ పెద్దవీ చిక్కేవి కావు.

కర్ర వంగింది. "ఇప్పుడు చుట్టండి."

మొదటిది చిన్నది. ఈ సైజును ఇక్కడ కోడి అంటారు, తినడానికి ఇదే మేలు. డెక్కు మీద దాన్ని దగ్గరగా చూడండి. పై వైపు ముదురు మచ్చల గోధుమరంగు, అడుగున పాలతెలుపు. కళ్లు రెండూ కుడి పక్కనే. పుట్టినప్పుడు చెరో వైపూ ఉంటాయి, మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది. కొన్ని నెలల్లో ఎడమకన్ను తల మీదుగా కుడివైపుకు జరుగుతుంది. ఆ తరవాత జీవితమంతా అడుగున పడుకొని పైకి చూడడమే.

రెండోది వేరు. నేలకు అతుక్కుపోయినట్టు కదలదు. ఆపైన నిండు బిందెను బావిలోంచి తోడినట్టు ఒక్కో చుట్టూ బరువే. సగం దూరం వచ్చాక తల విదిలిస్తుంది, తోడిందంతా ఒక్క పరుగులో తిరిగి అడుగుకు లాక్కుపోతుంది. భుజాలు మండుతాయి. "పట్టుకోవద్దు, పోనివ్వండి. అలిసేది అదే" అంటాడు కెప్టెన్, మీ నడుం బెల్టు పట్టుకొని. చాలాసేపటికి ఆకుపచ్చ నీటి కింద ఒక వెడల్పాటి నీడ లేస్తుంది. మనిషంత పొడవు. పడవలో ఆరుగురూ ఒకేసారి మాట మానేశారు.

"వంద పౌన్లు దాటింది. ఆడదే" అంటాడు కెప్టెన్. ఇంత పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ఒక్కొక్కటి లక్షల గుడ్లు పెడుతుంది. ఈ జాతిలో గాలపు వేట రికార్డు 459 పౌన్లు, 1996లో అలాస్కాలోనే డచ్ హార్బర్ దగ్గర పట్టారు. "చట్టం ఒప్పుకుంటుంది. ఉంచుకోవడమా, వదలడమా, మీ ఇష్టం. నేనైతే వదులుతాను."

వదలమని మీరంటారు. ఆయన పొడుగాటి కడ్డీతో గాలం మెలితిప్పుతాడు. ఈ చేపకు లోపల గాలితిత్తి లేదు, అంత లోతు నుంచి లాగినా పొట్ట ఉబ్బదు. అదే లోతున పడే రాతిచేపలకు కళ్లు బయటికొస్తాయి, వాటిని బరువు కట్టి అడుగుదాకా దింపి వదలాలి. ఇది మాత్రం ఒక్క తోక విసురుతో నిటారుగా కిందికి పోయింది, మీ మొహం మీద ఉప్పునీళ్లు కొట్టి మరీ.

నాకు ఈ వేట మీద గౌరవం పెరిగింది ఇలాంటి నిర్ణయాల వల్లే. హాలిబట్‌ను కాపాడుకోవడానికి అమెరికా, కెనడా 1923లోనే ఒప్పందం రాసుకున్నాయి. బ్రిటన్ సంతకం లేకుండా కెనడా సొంతంగా చేసుకున్న తొలి ఒప్పందం అదే. ఆనాడు పుట్టిన సంఘమే ఈనాటికీ ఏటా ఎంత పట్టవచ్చో తేలుస్తుంది. గైడు పడవలకు రోజుకెన్ని, ఏ సైజువి, వారంలో ఏ రోజు సెలవు అన్నవి ఏటికేడు మారతాయి. చేపలు మునుపటిలా త్వరగా ఎదగడం లేదని కెప్టెన్లందరికీ తెలుసు.

నీరు తిరిగింది. పోటు ఊపందుకుంటోంది, రెండు పౌన్ల గుండు నేల మీద నిలవక పడవ వెనక్కి కొట్టుకుపోతోంది. మూడు పౌన్లదీ నిలవలేదు. తాళ్లు చిక్కుపడకముందే కెప్టెన్ చేయెత్తాడు.

రేవులో ఆ అమ్మాయి కత్తితో చేప నుంచి నాలుగు పలకలు తీస్తుంది, పైన రెండు, కింద రెండు. ఆఖర్న రెండు బుగ్గలు గుండ్రంగా కోసి విడిగా పెడుతుంది. ఈ బుగ్గలు పారేయొద్దు, అన్నిటికంటే రుచి అవే. మిగతాది గాలి తీసిన సంచుల్లో గడ్డకట్టి డాలస్‌కో, సియాటిల్‌కో మీతో విమానంలో వస్తుంది. కొవ్వు తక్కువ మాంసం, కాస్త ఎక్కువ ఉడికితే పీచవుతుంది. పులుసు పెట్టేవాళ్లు చింతపండు రసం బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వెయ్యండి. గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకొని రెండుసార్లు తిప్పి, ముక్క తెల్లబడగానే దించెయ్యండి.