రాజీవ్ రహదారి: దూరపు వారికి వరము, దారిపక్క వారికి భారము

చొప్పదండి నుండి హైదరాబాదునకు బయలుదేరినవాడు ముందుగా కరీంనగరము చేరి, అచ్చట రాజధాని బస్సెక్కి, మానేరు దాటి, తిమ్మాపురము, శనిగరము, సిద్దిపేట, ప్రజ్ఞాపూరుల మీదుగా శామీర్‌పేట చేరువరకు కిటికీ పక్కన కునుకు తీయుచు సుఖముగనే ప్రయాణించును. ఔటర్ రింగు రోడ్డు దాటిన పిమ్మట మాత్రము తూముకుంట, హకీంపేట, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానాల గుండా జూబిలీ బస్ స్టేషను చేరుటకు ఎంతసేపు పట్టునో బస్సు నడుపు డ్రైవరు సయితము చెప్పజాలడు. ఈ కడపటి కొద్ది కిలోమీటర్లను పునర్నిర్మించుటకు ప్రభుత్వము పూనుకొన్న ఈ తరుణమున, ఆ ఇరుకు ఎట్లు ఏర్పడినదో, దానిని విప్పుటకు ఎవరు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో విచారించుట అవసరము.

ఈ చిక్కునకు నేటి వాహన సమ్మర్దమొక్కటే కారణము కాదు. 1806లో, మూడవ నిజాము సికందర్ జా పాలనలో, హుస్సేన్ సాగరమునకు ఉత్తరముగా ఆంగ్లేయ సైన్యము విడిసియున్న ప్రదేశమునకు ఆయన పేరిట సికింద్రాబాదని నామకరణము జరిగినది. ఆ పిమ్మట దండు ఉత్తరముగా విస్తరించి, తిరుమలగిరి, బొల్లారముల యందు బారకాసులు, కవాతు మైదానములు వెలసినవి. నేడు రాష్ట్రపతి నిలయముగా ప్రసిద్ధమైన బొల్లారపు భవనము 1860లో నిర్మితమై, ఆంగ్లేయ రెసిడెంటునకు విడిదిగా నుండెడిది. నగరమునకు వెలుపల, నగరమునకు కాపలాగా నిలిచిన ఆ దండును కాలక్రమమున నగరమే నలువైపుల నుండి చుట్టుముట్టినది. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైననాడు చాలిన దారులే తరువాతి తరముల లారీలను, కార్లను మోయవలసి వచ్చినవి. విస్తరింపబూనినచో ఒకచోట రక్షణశాఖ భూమి, మరియొకచోట ప్రజల ఇండ్లు, దుకాణములు అడ్డు నిలిచెను.

శామీర్‌పేటకు ఈవల జరిగిన కథ వేరు. గత దశకము ఆరంభమున, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమున, శామీర్‌పేట నుండి రామగుండము వరకు 207 కిలోమీటర్ల రాజీవ్ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించి, దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్‌ల వద్ద టోల్‌గేట్లు నెలకొల్పినారు. రామగుండము బొగ్గునకును, బసంత్‌నగర్ సిమెంటునకును, కరీంనగరము గ్రానైటునకును మేలైన బాట దొరికినది. రోగిని రాజధాని ఆసుపత్రికి చేర్చువారికి ప్రయాసము తగ్గినది. కాని దారి నడుమ డివైడరు లేచుటతో రోడ్డునకు ఈవల ఇల్లును ఆవల పొలమును గల రైతు, ట్రాక్టరును తిప్పుకొనుటకు దూరమున నున్న యూటర్న్ వరకు పోవలేక, ఎదురు దిక్కున నడిపి ప్రాణాపాయమును కొనితెచ్చుకొనసాగెను. స్టేజీల యొద్ద చాయ్ అమ్ముకొనువారు వెనుకకు జరిగి, మరల గుడిసె వేసికొనవలసి వచ్చెను.

మిగిలిపోయిన నగర భాగమునకు మార్గము 2024 మార్చి 1న తెరచుకొన్నది. నాడు రక్షణశాఖ తన భూముల నిచ్చుటకు సమ్మతింపగా, అదే నెల 7వ తేదీన, ప్యారడైజ్ కూడలి నుండి శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు వరకు సుమారు 18 కిలోమీటర్ల కారిడారునకు శంకుస్థాపన జరిగినది. ఆరు వరుసల ఈ మార్గమున సుమారు 11 కిలోమీటర్లు స్తంభముల మీద సాగును. హకీంపేట విమాన స్థావరము చేరువ, విమానముల రాకపోకలకు ఎత్తైన కట్టడము అడ్డుగాకుండుటకై, దారి భూగర్భమున దూరును. నాటి అంచనా వ్యయము 2,232 కోట్ల రూపాయలు.

ఇట్టి వంతెన నేలమీది బస్తీని ఏమి చేయునో చూడగోరువాడు పాత కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమున పెరిగిన పి.వి. నరసింహారావు పేరిట వెలసిన ఎక్స్‌ప్రెస్‌వే క్రింద నడచి చూడవలెను. శంషాబాదు విమానాశ్రయ ప్రయాణికులను దృష్టియందుంచుకొని నిర్మించి 2009 అక్టోబరులో తెరచిన ఆ వంతెన, మెహిదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు సాగును. దానిపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. కనుక అత్తాపూరు, ఉప్పర్‌పల్లి వాసులలో స్కూటరు మీద పోవువాడు తన ఇంటి మీదుగా పోవు ఆ దారిని తలయెత్తి చూచుటయే గాని ఎక్కుటకు లేదు. అచ్చటి జనము స్తంభములను తమకు పనికివచ్చునట్లు మలచుకొనినారు: దుకాణముల బోర్డుల మీదను, పెండ్లి పత్రికల యందును పిల్లరు నంబరే చిరునామా. ఆటో ఎక్కినవాడు "ఫలానా పిల్లర్ కాడ ఆపు" మనును. ఇంటి నంబరుతో ఎవరికిని పనిలేదు.

దూరదేశమున బోస్టను నగర చరిత్ర ఇంతకంటె ఖరీదైన పాఠము. వేలాది నివాసులను తరలించి 1959లో పూర్తి చేసిన సెంట్రల్ ఆర్టరీయను ఎత్తైన రహదారి, నార్త్ ఎండ్ పేటను నగర కేంద్రము నుండి వేరుచేసినది. ఆ తప్పిదమును సవరించుటకు 1991లో నిర్మాణమారంభించి, పై వంతెన మీద వాహనములు నడచుచుండగనే క్రింద సొరంగము త్రవ్వి, పిదప వంతెనను తొలగించి, దాని స్థలమున ఉద్యానములు వేసి ముగించునప్పటికి 2007వ సంవత్సరము గడచెను. వ్యయము సుమారు 1,460 కోట్ల డాలర్లకు చేరెను.

రోడ్డు పని సాగు కాలపు యాతన చొప్పదండి వారికి వినికిడి మాట కాదు. తీగలగుట్టపల్లి రైల్వే గేటు వద్ద వంతెన పనులు సాగునపుడు దుమ్మును, చుట్టుదారిని వారును ఎరుగుదురు. అయినను ఆ పని వారి ప్రయాణము కొరకే సాగినది. కార్ఖానాలో మెకానిక్ షెడ్డు నడుపువానికి అట్టి ఓదార్పు లేదు. సంవత్సరముల తరబడి తవ్వకముల నడుమ గిరాకీని పోగొట్టుకొనువాడు వాడు, ఆ పైని వేగముగా పోవుదుము మనము. స్థలము గల యజమానికి పరిహారమైన దక్కును. కిరాయి కొట్టు నడుపువానికి ఆ అడ్డా యొక్కటే ఆస్తి. 2014 జనవరి నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము, సేకరణకు మూడేండ్ల ముందు నుండి అచ్చట పనిచేయుచు జీవనాధారము కోల్పోవు కుటుంబమును సయితము బాధిత కుటుంబముగనే గుర్తించుచున్నది. కనుక పునాది గుంతలు తవ్వకముందే, యజమాని పేరుతోపాటు కిరాయిదారు పేరును పట్టికలోనికి ఎక్కించి, పని ముగియునందాక వాడు వ్యాపారము చేసికొనుటకు వేరొకచోటు చూపవలెను. ఆ కోరికను కార్ఖానా వారికి విడిచిపెట్టక, మేలు పొందబోవు ఉత్తర తెలంగాణ ప్రయాణికులే ముందుగా వినిపించుట న్యాయము.