స్టిమాక్ కాంట్రాక్టు పొడిగింపు: ఎందుకు ఇచ్చారు, ఎక్కడ తెగింది?

భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు చీఫ్ కోచ్ ఇగోర్ స్టిమాక్ కాంట్రాక్టును అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్‌ఎఫ్, 2023 అక్టోబరులో 2026 వరకూ పొడిగించింది. అదే సమాఖ్య 2024 జూన్ 17న ఆయన్ను తొలగించింది. రెండు నిర్ణయాల మధ్య గడిచింది ఎనిమిది నెలలు. మిగిలిన కాలానికి పరిహారం ఇవ్వకపోతే ఫిఫాకు వెళ్తానని స్టిమాక్ హెచ్చరించారు. చివరికి 4 లక్షల డాలర్లకు, అప్పటి లెక్కలో సుమారు 3.36 కోట్ల రూపాయలకు, రాజీ కుదిరింది.

స్టిమాక్ మంచి కోచా కాదా అనే వాదన అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు. రెండు వైపులా చెప్పుకోదగ్గ ఆధారాలే ఉన్నాయి. అయితే సమాఖ్యకు నష్టం తెచ్చింది ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఒక్కటే కాదు. ఎంతకాలం పొడిగించాలి, వద్దనుకుంటే ఎలా విడిపోవాలి అన్న విషయాలను గాలికి వదిలేయడం అంతకంటే ఎక్కువ నష్టం చేసింది.

తర్వాతి పరీక్ష దాకా మాత్రమే

1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో స్టిమాక్ డిఫెండర్. 2012-13లో ఆ దేశ జట్టుకే కోచ్‌గా పనిచేశారు. 2019 జనవరిలో భారత్ ఆసియా కప్ గ్రూప్ దశలోనే వెనుదిరగడంతో స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రాజీనామా చేయగా, ఆ మే నెలలో స్టిమాక్ రెండేళ్ల ఒప్పందంపై వచ్చారు.

ఫలితాలు మొదటి నుంచీ ఒక తీరున లేవు. 2019 సెప్టెంబరులో దోహాలో ఆసియా చాంపియన్ ఖతార్‌ను భారత్ 0-0తో నిలువరించింది. మరుసటి నెలలోనే కోల్‌కతాలో బంగ్లాదేశ్‌తో 1-1 డ్రాతో సరిపెట్టుకుంది. 2021 మార్చిలో దుబాయ్‌లో యూఏఈ చేతిలో 0-6తో చిత్తయింది.

ఇక్కడ గమనించాల్సింది సమాఖ్య అప్పట్లో పాటించిన పద్ధతి. 2021 మేలో రెండేళ్లు పూర్తయినప్పుడు ఒప్పందాన్ని సెప్టెంబరు దాకా మాత్రమే పొడిగించింది. కరోనా వల్ల వాయిదా పడిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లు ఆ జూన్‌లో మిగిలి ఉన్నాయి. అవి ముగిశాక ఇంకో ఏడాది ఇచ్చింది. ఆ ఏడాదిలో జట్టు మాల్దీవుల్లో శాఫ్ టైటిల్ గెలిచింది. 2022 జూన్‌లో కోల్‌కతాలో కంబోడియా, అఫ్గానిస్థాన్, హాంకాంగ్‌లను వరుసగా ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. భారత్ వరుసగా రెండు ఆసియా కప్‌లకు వెళ్లడం అదే తొలిసారి. దాంతో 2022 సెప్టెంబరులో మూడో పొడిగింపు, అదీ ఆసియా కప్ ముగిసేదాకానే.

అంటే ప్రతిసారీ తర్వాతి పరీక్ష వరకే గడువు. ఇది చూడటానికి పిసినారితనంలా ఉంటుంది, కోచ్‌కు నచ్చదు కూడా. కానీ నిలకడలేని ఫలితాలిచ్చే కోచ్ విషయంలో ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. ఆ పద్ధతిని 2023 అక్టోబరులో సమాఖ్యే పక్కన పెట్టింది.

మూడు ట్రోఫీల వేసవి

ఎందుకు పక్కన పెట్టిందో అర్థం కావాలంటే 2023 మార్చి నుంచి జులై వరకూ ఏం జరిగిందో చూడాలి. ఇంఫాల్‌లో మయన్మార్, కిర్గిజ్‌స్థాన్‌లపై గెలిచి ముక్కోణపు టోర్నీ దక్కించుకుంది. భువనేశ్వర్‌లో ఇంటర్ కాంటినెంటల్ కప్ ఫైనల్లో లెబనాన్‌ను 2-0తో ఓడించింది. బెంగళూరులో శాఫ్ ఫైనల్లో కువైట్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీల్లో 5-4తో గెలిచింది. జులైలో ఫిఫా ర్యాంకింగ్స్‌లో భారత్ 99వ స్థానానికి చేరింది. వందలోపు ర్యాంకు అంటే ఫుట్‌బాల్ అభిమానులకు మామూలు సంబరం కాదు.

స్టిమాక్‌కు జనాదరణ కూడా పతాక స్థాయికి చేరింది. శాఫ్ టోర్నీలో పాకిస్థాన్‌పై ఒకసారి, కువైట్‌పై మరోసారి రెడ్ కార్డు తిని టచ్‌లైన్ నుంచి వెళ్లిపోయినా, ఆటగాళ్ల కోసం పోరాడే మనిషి అన్న పేరే వచ్చింది.

ఈ విజయాలను తీసిపారేయలేం. లెబనాన్, కువైట్ బలహీన జట్లేమీ కావు. కానీ మూడు టోర్నీలూ సొంతగడ్డపైనే జరిగాయి. వరుస టోర్నీల కోసం ఆటగాళ్లు చాలాకాలం కలిసి శిబిరంలో ఉన్నారు. ఎదురైనవాటిలో ఆసియా తొలి వరుసకు చెందిన జట్టు ఒక్కటీ లేదు. ఆసియా కప్‌లో ఎదురుకావాల్సింది మాత్రం ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా. ముందున్న పరీక్షకు ఈ మార్కులు ఎంతవరకు పనికొస్తాయన్నది అప్పుడే అడగాల్సిన ప్రశ్న.

హెచ్చరికలు అప్పటికే మొదలయ్యాయి కూడా. సెప్టెంబరులో థాయ్‌లాండ్ కింగ్స్ కప్‌లో ఇరాక్‌తో 2-2 తర్వాత పెనాల్టీల్లో ఓటమి, ఆపై లెబనాన్ చేతిలో 0-1. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చైనా చేతిలో 1-5. అక్టోబరులో మెర్డెకా టోర్నీలో మలేసియా చేతిలో 2-4. ఆసియా క్రీడల ఓటమికి కోచ్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. క్లబ్‌లు ఆటగాళ్లను వదలక చివరి నిమిషంలో కూర్చిన జట్టు అది, చైనాతో మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం గానీ అక్కడికి చేరలేదు. మిగతా రెండు టోర్నీలకు ఆ సాకు అంతగా అతకదు.

సమాఖ్య వైపు నుంచి చూస్తే దాని ఇబ్బంది నిజమైనదే. పాత ఒప్పందం ఆసియా కప్‌తో ముగుస్తుంది. 2026 ప్రపంచ కప్ అర్హత రెండో దశ మాత్రం 2023 నవంబరులో మొదలై 2024 జూన్ దాకా సాగుతుంది. నడుమ మార్చిలో కోచ్ లేకుండా ఎలా? అందుకే పొడిగింపు అవసరమైంది. ఆ అవసరానికి 2024 జూన్ చివరి దాకా గడువు సరిపోయేది. మూడో దశకు చేరితే ఒప్పందం దానంతటదే కొనసాగేలా ఒక షరతు రాసుకుంటే స్టిమాక్‌కూ భరోసా ఉండేది. ఆయన ఎటూ ఆ మాటే అన్నారు. జట్టును మూడో దశకు చేర్చలేకపోతే తప్పుకుంటానని 2024లో బహిరంగంగా చెప్పారు. కాగితం మీద లేని మాటకు లెక్కల్లో విలువ ఉండదు.

ఎనిమిది నెలలు

ఆరంభం బాగుంది. నవంబరు 16న కువైట్‌లో మన్వీర్ సింగ్ గోల్‌తో భారత్ 1-0తో గెలిచింది. అర్హత గ్రూపులో రెండో స్థానం కోసం నేరుగా పోటీ పడుతున్న జట్టుపై, దాని సొంతగడ్డ మీద వచ్చిన గెలుపు అది. స్టిమాక్ హయాంలో అత్యుత్తమ ఫలితం ఇదేనని చెప్పొచ్చు. తర్వాత ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

2024 జనవరి ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌ల్లో పాయింటు లేదు, గోలు లేదు. నాలుగు వారాల శిబిరం కావాలని స్టిమాక్ కోరితే, ఐఎస్ఎల్ షెడ్యూలు వల్ల రెండు వారాలు కూడా సరిగా దొరకలేదు. ఆయన ఫిర్యాదులో నిజం ఉంది. కానీ మార్చిలో అఫ్గానిస్థాన్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లకు ఈ సమాధానం సరిపోదు. సౌదీ అరేబియాలోని అభాలో 0-0. గువాహటిలో, సునీల్ ఛెత్రి తన 150వ మ్యాచ్‌లో గోల్ కొట్టాక కూడా, 1-2తో ఓటమి. అర్హత అవకాశం చేజారింది అక్కడే.

జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్. కువైట్‌తో 0-0. జూన్ 11న దోహాలో ఖతార్‌పై ఛాంగ్టే గోల్‌తో భారత్ ముందంజలో ఉంది. రెండో అర్ధభాగంలో గోల్‌లైన్ దాటి బయటికి వెళ్లిన బంతిని ఖతార్ ఆటగాడు వెనక్కి లాగగా సహచరుడు గోల్ చేశాడు, రిఫరీ దాన్ని అంగీకరించారు. చివరికి ఖతార్ 2-1తో గెలిచింది. అదే రోజు కువైట్ అఫ్గానిస్థాన్‌ను ఓడించి ముందుకెళ్లింది. దోహాలో అన్యాయం జరిగిందన్నది వాస్తవం. అయితే ఒక్క రిఫరీ తప్పు మీద భవిష్యత్తు ఆధారపడే స్థితికి జట్టును తెచ్చింది గువాహటి ఫలితం. ఆ నెలలో వెలువడిన ర్యాంకింగ్స్‌లో భారత్ 124వ స్థానంలో ఉంది.

కాగితం మీద ఏముంది

తొలగింపు తర్వాత బయటపడ్డ సంగతి అసలు చిక్కు. ఫలితాలు బాగాలేకపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు సమాఖ్యకు ఉండేలా ఒక నిబంధన చేర్చాలని తమ కమిటీ సూచించిందని, సంతకం చేసిన పత్రంలో మాత్రం అది లేదని ఏఐఎఫ్‌ఎఫ్ చెప్పింది. బాధ్యతను అప్పటి ప్రధాన కార్యదర్శి మీద వేసింది. ఆయన ఆ ఆరోపణను తోసిపుచ్చారు. ఎవరి మాట నిజమైనా, జాతీయ జట్టు కోచ్ ఒప్పందాన్ని సంతకానికి ముందు ఇంకొకరు చదివి ఉంటే ఈ గొడవ రాదు.

ఫిఫా నిబంధనలు ఇలాంటి సందర్భాల్లో కోచ్ వైపే మొగ్గుతాయి. 2021 జనవరి నుంచి అంతర్జాతీయ కోచ్‌ల ఒప్పందాలకు ప్రత్యేక నియమాలు అమల్లో ఉన్నాయి. తగిన కారణం లేకుండా ఒప్పందం తెంచితే, మిగిలిన కాలానికి రావాల్సిన జీతం పరిహారానికి ప్రాతిపదిక. ఈలోగా కోచ్‌కు వేరే ఉద్యోగం దొరికితే ఆ మేరకు తగ్గిస్తారు. ఓటములు మాత్రమే తగిన కారణం కావని క్రీడా మధ్యవర్తిత్వ తీర్పుల్లో సాధారణంగా కనిపించే వైఖరి. మూడు నెలల జీతం ఇస్తామని సమాఖ్య ప్రతిపాదించినట్టు వార్తలొచ్చాయి. స్టిమాక్ ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన చేతిలో ఏడాదిన్నర పైచిలుకు ఒప్పందం ఉంది.

3.36 కోట్లు పెద్ద మొత్తమా? వాణిజ్య హక్కుల ఒప్పందం కింద ఏఐఎఫ్‌ఎఫ్‌కు అప్పట్లో ఏటా అందుతున్నది 50 కోట్లు. బాలుర, బాలికల లీగ్‌ల నుంచి రిఫరీల శిక్షణ దాకా ఎన్నో ఖర్చులు చూసుకోవాల్సిన సంస్థకు, పనిచేయని కోచ్‌కు చెల్లించే మూడు కోట్లు చిన్నవి కావు.

టెక్సస్‌లో ఇదే కథ, వేరే అంకెలు

ఇలాంటి పొడిగింపు ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికా కాలేజీ క్రీడల్లో ఒక ఉదాహరణ ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే వేరే ఆట. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2017 చివర్లో జింబో ఫిషర్‌ను పదేళ్లకు, 7.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2020 సీజన్‌లో జట్టు పది మ్యాచ్‌ల్లో తొమ్మిది గెలిచింది. ఆ ఊపులో, పాత ఒప్పందంలో ఇంకా ఆరేళ్లు మిగిలి ఉండగానే, 2021 సెప్టెంబరులో గడువును 2031 దాకా పెంచింది. ఏటా 90 లక్షల డాలర్లకు పైగా జీతం, మొత్తం గ్యారంటీ. మధ్యలో తీసేస్తే పూర్తిగా చెల్లించాలి, ఆయన మరోచోట చేరినా ఒక్క డాలరు తగ్గదు.

మరుసటి ఏడాది 5 గెలుపులు, 7 ఓటములు. 2023 నవంబరు 11న మిసిసిపీ స్టేట్‌ను 51-10తో చిత్తు చేసిన జట్టు కోచ్‌ను మర్నాడే ఇంటికి పంపారు. బాకీ 7.5 కోట్ల డాలర్లకు పైనే, 2031 దాకా ఏటేటా వాయిదాల్లో.

కాలేజీల్లో తొందరకు ఒక కారణం ఉంది. స్కూలు ముగించి వచ్చే ఆటగాడు తన చదువు పూర్తయ్యేదాకా ఈ కోచ్ ఉంటాడా అని చూసుకుంటాడు. గడువు దగ్గరపడిన కోచ్ మంచి ఆటగాళ్లను రాబట్టలేడు. జాతీయ జట్టు కోచ్‌కు ఆ అవసరమే లేదు. దేశం తరఫున ఆడాలా వద్దా అని కోచ్ ఒప్పందం చూసి నిర్ణయించుకునేవారు ఉండరు కదా. అంటే టెక్సస్‌కు ఉన్నపాటి సాకు కూడా ఢిల్లీకి లేదు.

హైదరాబాద్ మీదుగా

స్టిమాక్ తర్వాత 2024 జులైలో వచ్చిన మనోలో మార్క్వెజ్ తెలుగువారికి తెలిసిన మనిషే. హైదరాబాద్ ఎఫ్‌సీని 2021-22లో ఐఎస్ఎల్ విజేతగా నిలిపిన కోచ్ ఆయన. ఎఫ్‌సీ గోవా బాధ్యతలు చూస్తూనే జాతీయ జట్టును నడిపే ఏర్పాటు చేశారు. ఆయన తొలి మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనే జరిగాయి. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, మాల్దీవులపై. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓటమి తర్వాత, జులైలో ఇరువైపులా అంగీకారంతో, పరిహారం లేకుండా విడిపోయారు. ఫలితాల్లో స్టిమాక్ కంటే మార్క్వెజ్ మెరుగేమీ కాదు, విడిపోవడం మాత్రం సమాఖ్యకు పైసా ఖర్చు లేకుండా అయిపోయింది.

ఇదే నగరానికి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత కోచ్‌గా ఉన్నారు. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. కొనసాగింపు గొప్పతనం చెప్పడానికి చాలామంది రహీమ్ పేరు ఎత్తుతారు. కానీ ఆయన కొనసాగింది గెలుస్తూ, ప్రతి పెద్ద టోర్నీకి జట్టును కొత్తగా నిరూపిస్తూ. మూడేళ్ల ముందే రాసిచ్చిన గడువుతో కాదు.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను నియమించారు. పుష్కర కాలం తర్వాత జాతీయ జట్టుకు పూర్తిస్థాయి భారతీయ కోచ్. అక్టోబరు 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, భారత్ 2027 ఆసియా కప్ అవకాశాన్ని పోగొట్టుకుంది. జమీల్ అప్పటికి బాధ్యతలు తీసుకుని రెండున్నర నెలలు. ఆ అర్హత టోర్నీలో అప్పటికి భారత్ చేజార్చుకున్న పాయింట్లలో సగం ఆయన రాకముందే పోయాయి. ఆయన గడువు ముగిసే రోజున సమాఖ్య ముందున్న ఫైల్లో ఏ మ్యాచ్‌లు ఆయన ఖాతాలో, ఏవి మార్క్వెజ్ ఖాతాలో అన్నది మొదట తేల్చుకోవాలి.