ఏవ్‌బరీ: రాతి వలయంలో ఒక పల్లె

స్టోన్‌హెంజ్ పేరు మీరు వినే ఉంటారు. దానికి ఉత్తరంగా, అదే విల్ట్‌షైర్ ప్రాంతంలో, ఏవ్‌బరీ అనే చిన్న పల్లె ఉంది. స్థానిక చరిత్ర విద్యార్థికి స్టోన్‌హెంజ్ కంటే ఈ పల్లే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. ఇక్కడి రాతి వలయం 300 మీటర్లకు పైగా వ్యాసం కలది. దాని మధ్య నుంచి రోడ్డు పోతుంది, లోపల మనుషులు కాపురం ఉంటారు.

క్రీ.పూ. మూడవ సహస్రాబ్దిలో నవీన శిలాయుగ ప్రజలు జింక కొమ్ములతో సుద్దనేలను తవ్వి, దాదాపు 9 మీటర్ల లోతు కందకం తీశారు. దాని లోపలి అంచున పెద్ద పెద్ద బండలు నిలబెట్టారు. దగ్గరలోనే సిల్‌బరీ కొండ ఉంది. కొండ అంటున్నాం గాని, అది సుమారు 40 మీటర్ల ఎత్తున మనుషులు పోసిన దిబ్బ. దాని అవతల వెస్ట్ కెన్నెట్ సమాధి కనిపిస్తుంది. ఆ సమాధి సిల్‌బరీ కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. పక్కపక్కన ఉన్నవన్నీ ఒకే కాలానివి అనుకోకండి. అలాగే తెలంగాణలోని బృహత్ శిలా సమాధులను చూసి రెండింటికీ చుట్టరికం కలపకండి. మనవి ప్రధానంగా ఇనుపయుగానివి, చాలా తరువాతివి.

మరి ఆ బండలలో చాలా భాగం ఏమయ్యాయి? మధ్యయుగంలో ఊరివాళ్లు కొన్నింటిని గోతులు తీసి పూడ్చారు. 1938లో అలాంటి ఒక బండ కింద మనిషి అస్థిపంజరం దొరికింది. దానితోపాటు ఇనుప కత్తెర, 14వ శతాబ్ది తొలినాళ్ల నాణేలు ఉన్నాయి. నాణెం ముద్రించాకే గోతిలో పడగలదు కనుక, ఆ గొయ్యి అంతకు ముందుది కాదు. ఆ మనిషి బండ మీదపడి చనిపోయాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఎముకలను మళ్లీ పరిశీలించాక ఆ కథ నిలబడలేదు.

18వ శతాబ్దికి బండలు ఇంటి సామగ్రి అయ్యాయి. కింద గడ్డి మంట పెట్టి, కాలిన రాయిపై చన్నీళ్లు పోసి, సుత్తితో పగలగొట్టేవారు. 1720 ప్రాంతంలో విలియం స్టూక్లీ ఏటేటా వచ్చి, నిలిచిన రాళ్లనూ కూలుతున్న రాళ్లనూ కొలిచి బొమ్మలు గీశాడు. 1743లో అచ్చయిన గ్రంథంలో ఇది డ్రూయిడ్ పూజారుల ఆలయమని వాదించాడు. ఆ వాదన తప్పు. వలయం వారికంటే రెండు వేల ఏళ్లకు పైగా పాతది. అయినా ఆయన కొలతలు నేటికీ ఆధారమే.

1930లలో అలెగ్జాండర్ కైలర్ అనే ధనికుడు పూడ్చిన బండలను తవ్వించి మళ్లీ నిలబెట్టించాడు. లేని రాళ్ల చోట కాంక్రీటు దిమ్మెలు పెట్టించాడు. ఇందుకోసం వలయంలోని కొన్ని ఇళ్లను కొని కూల్పించాడు కూడా. ఇక్కడ నాకు సందేహం ఉంది. పగిలిన బండ ముక్కలతో కట్టిన గోడ కూడా చారిత్రక ఆధారమే కదా. 1943లో ఈ స్థలం నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. అలాంటి గోడలున్న ఇళ్లు ఊరిలో ఇంకా ఉన్నాయి.