ఆట ఆడే యంత్రం, ఆట అల్లే యంత్రం

గేముల తయారీ చదవబోయే పిల్లలకు ఏ ల్యాప్‌టాపు కొనాలన్న ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ళల్లో వినబడుతోంది. (ల్యాప్‌టాపుకు తెలుగుమాట ఏదన్న చర్చ మన బ్లాగరుల మధ్య ఇప్పట్లో తెగదు కనుక ఆ మాటనే వాడుతున్నాను.) అంగడివాడి జవాబు ఒకటే: గేములు బాగా ఆడేది కొనండి, తయారీకీ అదే చాలు. చరిత్ర ఈ మాటను పూర్తిగా సమర్థించదు.

1962లో ఎమ్.ఐ.టి.లో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు 'స్పేస్‌వార్' ఆటను ఏ పీడీపీ-1 కోసం రాశారో దాని మీదనే ఆడారు. దారులు తరువాత చీలాయి. 1990లో అమెరికాలోని ష్రీవ్‌పోర్టులో జాన్ కార్మాక్, జాన్ రొమేరో, వారి సహచరులు సాఫ్ట్‌డిస్క్ సంస్థలో పనిచేస్తూ, వారాంతాల్లో ఆఫీసు కంప్యూటర్లను కార్లలో ఇంటికి మోసుకుపోయి 'కమాండర్ కీన్' తయారుచేశారు. సోమవారానికి ఆ యంత్రాలు మళ్ళీ ఆఫీసుకు చేరేవి. చంకన పెట్టుకుపోగల యంత్రం కావలసింది నిజానికి వాళ్ళకు!

1993లో వెలువడిన 'డూమ్'ను ఆ బృందం స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థ కంప్యూటర్ల మీద రూపొందించింది. జనం ఆడింది మాత్రం డాస్ నడిచే మామూలు 386, 486ల మీద. ఖరీదైన యంత్రం మీద అల్లినదాన్ని చవక యంత్రం మీద పరుగెత్తించడమే వారి అసలు నేర్పు అని నా అభిప్రాయం.

2000 చివరలో ఎన్విడియా ల్యాప్‌టాపుల కోసం 'జీఫోర్స్2 గో' చిప్పును ప్రకటించింది. ఆడే యంత్రం, అల్లే యంత్రం ఒకే పెట్టెలో ఇమడగలవన్న ఆశ అక్కడ చిగురించింది. చిక్కూ అక్కడే ఉంది. 2020లో వచ్చిన డెస్క్‌టాపు ఆర్టీఎక్స్ 3080లో 8704 కోర్లు, 320 వాట్లు. 2021లో అదే అంకెతో వచ్చిన ల్యాప్‌టాపు చిప్పులో 6144 కోర్లే. అది తీసుకునే విద్యుత్తు, తయారీదారు నిర్ణయాన్నిబట్టి, 80 నుంచి 150 వాట్ల దాకా మారుతుంది. పేరు ఒకటే, పెట్టె మీద మెరిసే స్టిక్కరూ ఒకటే, లోపలి బలం వేరు. బ్యాంకు అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రికి ఈ వాట్ల లెక్క ఎవరు చెబుతారు?

ఆడేవాడికి ఒక్క ఆట నడిస్తే చాలు. నేర్చుకునేవాడు ఇంజను, బొమ్మలు గీసే సాఫ్టువేరు, కోడు, నడుస్తున్న ఆట అన్నీ ఒకేసారి తెరిచి కూర్చుంటాడు. అందుచేత ఒక మెట్టు తక్కువ గ్రాఫిక్సు చిప్పు తీసుకొని, మిగిలిన డబ్బుతో మెమరీని 32 జీబీ చేయించడం మేలంటాను. మెమరీని మదర్‌బోర్డుకే అతికించేసిన మోడళ్ళలో తరువాత పెంచడం కుదరదు; అది కొనేముందే అడగాలి. నాజూకుగా పలచగా ఉన్నదానికి మోజుపడితే వేడి ఎక్కువై వేగం తానే తగ్గించుకుంటుంది.

ఇంట్లో పాత కంప్యూటరుంటే మాత్రం ఎక్స్‌ఛేంజిలో ఇచ్చెయ్యకండి. తయారైన ఆటను పరీక్షించడానికి మీవాడికి అదే 386.